సముద్రతీరంలో బస: పాడ్ హాస్టలా, బంకు పడకా, సొంత గదా? హైదరాబాదు ప్రయాణికులకు ఎంపిక సలహా

హైదరాబాదులో ఉండేవారికి సముద్రం ఒక పూటలో చూసి వచ్చేంత దగ్గరలో లేదు. బాపట్ల దగ్గరి సూర్యలంకకే 300 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలి. విశాఖపట్నం రైలు మార్గంలో సుమారు 700 కిలోమీటర్లు, గోవా రోడ్డు మార్గంలో ఇంచుమించు అంతే దూరం. అందువల్ల మన నగరం నుంచి తీరానికి వెళ్లే ఉద్యోగుల్లో చాలామంది శుక్రవారం రాత్రి మియాపూర్‌లోనో లక్డీకాపూల్‌లోనో బస్సెక్కి, లేదా నాంపల్లి, సికింద్రాబాద్ స్టేషన్లలో రైలెక్కి, అక్కడ ఒకటి రెండు రాత్రులు గడిపి, మళ్లీ రాత్రి ప్రయాణంతోనే ఆఫీసు వేళకు తిరిగి వస్తారు. బస ఎంపికకు ఈ ప్రయాణ క్రమమే ఆధారం కావాలి. ఒక్కో పడక ధరను పోల్చి చవకైనదాన్ని ఖాయం చేసుకోవడం కన్నా, ఆ బసలో మెలకువగా ఎన్ని గంటలు గడపబోతున్నామో ముందుగా ఆలోచించుకోవడం మేలని నా నిశ్చితాభిప్రాయం. పాడ్ అంటే ఒక్కరు పడుకునే మూసిన గూడులాంటి పడక, నిద్రకు మాత్రమే ఉద్దేశించిన వసతి. నిద్ర తప్ప మిగిలిన అవసరాలన్నీ, అంటే స్నానం, తడి బట్టలు ఆరేసుకోవడం, మధ్యాహ్నపు ఎండలో తలదాచుకోవడం వంటివన్నీ, పాడ్ బయట ఎలా తీరుతాయన్న దాన్ని బట్టే అది మనకు సరిపడుతుందో లేదో తేలుతుంది.

ఈ తరహా వసతి జపాన్‌లో మొదలైంది. వాస్తుశిల్పి కిషో కురోకవా రూపకల్పన చేసిన మొదటి క్యాప్సూల్ హోటల్ 1979లో ఒసాకాలో తెరుచుకుంది. మన దేశంలో 2021లో ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో రైల్వే పాడ్ హోటల్ వచ్చింది. 2025లో విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లోనూ అలాంటి పాడ్లు అందుబాటులోకి వచ్చాయి. స్టేషన్ పాడ్లు గంటల లెక్కన కూడా దొరుకుతాయి, రైలు దిగినవారు కాసేపు నడుం వాల్చడానికి ఉద్దేశించినవి. తీరంలోని పాడ్ హాస్టళ్లు వేరు. ఇవి రోజు లెక్కన ఇచ్చే పడకలు, వాటికి తోడుగా అందరూ కలిసి కూర్చునే హాలు, ఉమ్మడి వంటగది, డాబా వంటివి ఉంటాయి. ఈ ఉమ్మడి స్థలాలకే సగం డబ్బు చెల్లిస్తున్నామని గుర్తుంచుకోవాలి. వాటిని వాడుకోని వ్యక్తికి హాస్టల్ చవక కాదు.

పాడ్ అన్న పేరుతో రెండు రకాల పడకలు దొరుకుతున్నాయి. మొదటిది అచ్చు పోసిన ప్లాస్టిక్ గూడులాంటి నిర్మాణం. లోపల దీపం, ప్లగ్ పాయింటు, చిన్న ఫ్యాన్ లేదా ఏసీ గాలి వచ్చే రంధ్రం, ముందువైపు జారే తలుపు లేదా షటర్ ఉంటాయి. రెండవది ప్లైవుడ్‌తో మూడు వైపులా మూసి, నాలుగో వైపు మందపాటి కర్టెన్ వేసిన బంకు. రెండింటిలోనూ పొడవు సుమారు రెండు మీటర్లు, వెడల్పు మీటరు పైచిలుకు ఉంటుంది. కూర్చోవచ్చు గానీ నిలబడలేము. మన ప్రాంతం వారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఏసీ స్లీపర్ బస్సులో పై బెర్తు ఎక్కి పరదా లాగేసుకున్నప్పుడు కలిగే అనుభూతికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది, కుదుపులు మాత్రం ఉండవు. ఆ బెర్తులో హాయిగా నిద్రపోయేవారికి పాడ్ దాదాపు తప్పకుండా నచ్చుతుంది. పరదా మూసుకోగానే ఊపిరాడనట్టు అనిపించి, మాటిమాటికీ తెరిచి చూసుకునేవారు మాత్రం ఎంత తగ్గింపు ధర కనిపించినా పాడ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బంకు పడకకూ పాడ్‌కూ మధ్య తేడా ముఖ్యంగా చాటు విషయంలోనే. సాధారణ డార్మిటరీలో ఆరు లేదా ఎనిమిది పడకలు బహిరంగంగా ఉంటాయి. ఎవరో రాత్రి రెండు గంటలకు దీపం వేస్తే అందరికీ మెలకువ వస్తుంది. పాడ్‌లో వెలుతురు సమస్య చాలావరకు తీరుతుంది, బట్టలు సర్దుకోవడానికి, ఇంటికి ఫోన్ చేసి చూపులకు దూరంగా నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి ఒక మూల దొరుకుతుంది. అయితే చప్పుడు మాత్రం తగ్గదు. పక్క పాడ్‌లోని గురక, అలారం, సంచుల జిప్పుల చప్పుడు పలుచని గోడ దాటి అలాగే వినిపిస్తాయి. చప్పుడుకు నిద్ర పట్టనివారు పాడ్ కోసం అదనంగా చెల్లించేకన్నా ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కుని బంకు పడకలోనే పడుకోవచ్చు, లేదా నేరుగా గది తీసుకోవచ్చు. ఇంకొక విషయం, పాడ్ తలుపుకు లోపలి గడియ మాత్రమే ఉంటుంది, లేదా అదీ ఉండదు. కనుక పాడ్‌లో సామాను వదిలి బీచ్‌కు వెళ్లకూడదు. వీపు సంచి మొత్తం పట్టే లాకరు ఉందో లేదో అడిగి, సొంత తాళం తీసుకెళ్లాలి.

హైదరాబాదు వారు సాధారణంగా తక్కువగా అంచనా వేసేది తీరప్రాంతపు ఉక్కపోతను. మన నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి వేసవి తీవ్రమైనదే అయినా పొడి వేసవి, అందుకే నీళ్ల కూలరుతో చాలా ఇళ్లలో కాలం గడిచిపోతుంది. నీరు ఆవిరి కావడం వల్లనే కూలరు గాలి చల్లబడుతుంది. తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి అక్కడ కూలరు అంతగా ఉపయోగపడదు, చెమట త్వరగా ఆరదు, ఫ్యాను గాలి పెద్దగా ఊరటనివ్వదు. ఇలాంటి వాతావరణంలో మూసిన గూడులో పడుకోవాలంటే లోపలికి చల్లగాలి ఎలా వస్తుందన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పాడ్లు ఉన్న హాలుకంతటికీ ఒకటి రెండు ఏసీలు బిగించి, పాడ్ లోపలికి ఆ గాలిని తీసుకెళ్లే ఫ్యాన్లు పెట్టకపోతే, హాలు చల్లగానూ పాడ్ ఉక్కగానూ ఉంటుంది; అప్పుడు అందరూ కర్టెన్లు తీసి పడుకుంటారు, పాడ్ కోసం అదనంగా చెల్లించిన డబ్బుకు అర్థం లేకుండా పోతుంది. ఈ సంగతి ఫొటోల్లో తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ బస చేసినవారు రాసిన అభిప్రాయాలు వెతికి చదివితేనే తెలుస్తుంది. జనవరిలో వచ్చినవారు ఎంత మెచ్చుకున్నా వేసవి ప్రయాణానికి ఆ మెప్పు ఉపయోగపడదు.

ఏసీ ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా, అది ఏ వేళల్లో నడుస్తుందో కూడా అడగాలి. చాలా హాస్టళ్లలో డార్మిటరీ ఏసీని రాత్రి మాత్రమే వేసి, ఉదయం తొమ్మిది పది గంటలకల్లా ఆపేస్తారు. తీరంలో ఉదయం, సాయంత్రం సముద్రానివి. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఇసుక కాలు పెట్టనివ్వదు. ఆ మూడు నాలుగు గంటలు ఎక్కడ ఉంటారు? సొంత గది తీసుకున్నవారు భోజనం చేసి వచ్చి తలుపు వేసుకుని నిద్రపోతారు. పాడ్ తీసుకున్నవారికి ఏసీ లేని గూడు ఒక దారి, ఉమ్మడి హాలు ఇంకొక దారి. ఆ హాలు నీడగా, గాలి వచ్చేలా, కుర్చీలు చాలినన్ని ఉండేలా ఉంటే మధ్యాహ్నం కొత్తవారితో మాటల్లో, క్యారమ్స్ ఆటలో ఇట్టే గడిచిపోతుంది, పాడ్ హాస్టల్‌లో దొరికే అసలైన ఆనందం కూడా అదే. హాలు పేరుకు నాలుగు బీన్ బ్యాగులతో రిసెప్షన్ పక్కన ఉంటే మాత్రం ఆ మధ్యాహ్నాలు భారంగా గడుస్తాయి, చివరికి ఏదో ఒక కెఫేలో ఏసీ కోసం కూర్చుని, గదికి ఆదా చేసిన డబ్బును అక్కడ ఖర్చు చేయవలసి వస్తుంది.

స్నానాల గదుల సంఖ్య తరువాతి అంశం. నగరంలోని హాస్టల్‌లో రోజుకొక స్నానం సరిపోతుంది. తీరంలో ఉప్పునీరు, ఇసుక, చెమట కలిసి కనీసం రెండు స్నానాలు తప్పనిసరి, పైగా సూర్యాస్తమయం కాగానే అందరూ ఒకేసారి తిరిగి వస్తారు. నలుగురైదుగురికి ఒక స్నానాల గది ఉంటే ఇబ్బంది లేదు. పది మందికి ఒకటి అయితే సాయంత్రం సగం వరుసలో నిలబడటానికే పోతుంది. లోపలికి రాకముందే కాళ్లు, ఒళ్లు కడుక్కోవడానికి ఆరుబయట షవరు లేదా కుళాయి ఉందా అని తప్పక చూడాలి, ఎందుకంటే అది లేని హాస్టల్‌లో పడక దుప్పట్ల దాకా ఇసుక చేరుతుంది. తడి బట్టలకు డాబా మీద తీగ ఉండాలి. పాడ్‌లో తడి తువ్వాలు ఆరేసుకుంటే తెల్లారేసరికి ఆ గూడంతా ముక్కిపోయిన వాసన వేస్తుంది.

ఎవరితో వెళ్తున్నారన్నదాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది. ఒంటరి ప్రయాణికులకు పాడ్ నిస్సందేహంగా లాభమే: ఒక్కరి కోసం గది మొత్తం అద్దె కట్టనవసరం లేదు, స్కూటీ అద్దెకు తీసుకుని పక్క బీచ్‌కు వెళ్దామా అని అడగడానికి నలుగురు మనుషులు దొరుకుతారు. ఇద్దరైతే ఆగి ఆలోచించాలి. ఉదాహరణకు పాడ్ రాత్రికి 900 రూపాయలు అనుకుంటే ఇద్దరికి 1,800 అవుతుంది. రద్దీ లేని రోజుల్లో ఆ మొత్తానికి చాలా తీరాల్లో సొంత స్నానాల గదితో సహా సాధారణ ఏసీ గది దొరికే అవకాశం ఉంది. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే నాలుగు పడకల డార్మిటరీ గదిని మొత్తంగా తీసుకోవడం అన్నిటికన్నా తెలివైన పని, అప్పుడు చాటు కోసం పాడ్‌కు అదనంగా చెల్లించవలసిన అవసరమే ఉండదు. అమీర్‌పేటలోనో గచ్చిబౌలిలోనో త్రీ షేరింగ్ గదుల్లో ఏళ్ల తరబడి ఉన్నవారు ఈ ఏర్పాటులో మొదటి రోజు నుంచే ఇమిడిపోతారు. పిల్లలతో వెళ్లేవారికి నా సలహా స్పష్టం: పాడ్ హాస్టల్ వద్దు. చాలా హాస్టళ్లు డార్మిటరీలలోకి 18 ఏళ్లలోపు వారిని అనుమతించవు. అనుమతించినా అర్ధరాత్రి ఏడ్చే పసివాడికీ, పక్కన నిద్రపోవాలనుకునే వారికీ ఇద్దరికీ అది కష్టమే. కుటుంబాలకు వంట వసతి ఉన్న హోమ్‌స్టే గానీ, సూర్యలంక వంటి చోట్ల పర్యాటక సంస్థ వారి హరిత రిసార్ట్ గానీ మేలు.

మోకాళ్ల నొప్పులున్నవారు, రాత్రి పలుమార్లు లేవవలసినవారు కింది పాడ్ ఖాయంగా ఇస్తారని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టాలి. పై పాడ్‌కు ఎక్కే నిచ్చెన మెట్లు నిటారుగా, సన్నగా ఉంటాయి.

ఒంటరిగా వెళ్లే మహిళలు మహిళల డార్మిటరీ అన్న బోర్డుతో తృప్తి పడకూడదు. ఆ గదిలోంచే స్నానాల గదికి దారి ఉందా లేక ఉమ్మడి వరండా దాటి వెళ్లాలా, గది తలుపుకు కార్డు లేదా పిన్ నంబరు తాళం ఉందా, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటారా, బీచ్ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో వీధి దీపాలు ఉన్నాయా అన్నవి అసలు ప్రశ్నలు. ఈ నాలుగింటికీ ఫోన్‌లో సూటిగా సమాధానం చెప్పని చోట దిగవద్దు. వీటికి సమాధానాలు బాగుంటే, ఊరి చివరి చవక లాడ్జిలో ఒంటరి గది కన్నా పదిమంది మెలిగే మంచి హాస్టల్‌లోని మహిళల పాడ్ సురక్షితమని నేను నమ్ముతాను.

భద్రత మాట వచ్చింది కాబట్టి అగ్నిప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఒకే హాలులో ప్లైవుడ్, ఫోమ్ పరుపులు, కర్టెన్లు, పడకకొక చార్జరు ఉన్నచోట పొగ చాలా వేగంగా వ్యాపిస్తుంది, గూడులో తలుపు వేసుకుని నిద్రపోయేవారికి అది ఆలస్యంగా తెలుస్తుంది. హాలుకు రెండో దారి ఉందా, పైకప్పుకు పొగను పసిగట్టే పరికరాలు ఉన్నాయా, మంటలార్పే సిలిండరు కనిపించే చోట ఉందా అని చెకిన్ సమయంలోనే చూడాలి. రెండో దారికి తాళం వేసి ఉంటే, లేదా దానికి అడ్డంగా పరుపులు పేర్చి ఉంటే, కట్టిన డబ్బు పోయినా సరే వేరే చోటికి వెళ్లాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడమని ఎవరికీ సలహా ఇవ్వలేను.

ఏ తీరానికి వెళ్తున్నామన్నది కూడా ఎంపికను ప్రభావితం చేస్తుంది. విశాఖలో రామకృష్ణా బీచ్ నగరం మధ్యలోనే ఉంది, చుట్టూ అన్ని ధరల హోటళ్లూ ఉన్నాయి కాబట్టి అక్కడ ఇద్దరు ముగ్గురికి గదే సులువు. ఆ తీరంలో అలల లాగుడు ప్రమాదకరం, ఈత కోసం అక్కడ దిగకూడదు. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో పొందిన ఋషికొండ వైపు బస చూసుకుంటే సర్ఫింగ్ నేర్చుకునే యువతకు హాస్టల్ వాతావరణం కలిసివస్తుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి రైలు తెల్లవారుజామునే విశాఖ చేరుస్తుంది, హాస్టల్ చెకిన్ మాత్రం మధ్యాహ్నం పన్నెండుకో ఒంటి గంటకో ఉంటుంది. ఈ ఖాళీ సమయానికి స్టేషన్ పాడ్ ఎంతో ఉపయోగపడుతుంది. మూడు గంటల పాటు తీసుకుని కాసేపు నిద్రపోయి, తేలికపడి బయలుదేరవచ్చు, మహిళలకు విడి భాగం కూడా ఉంది.

గోవాలో హాస్టల్ సంస్కృతి బాగా వేళ్లూనుకుంది. అక్కడ పాడ్ ఎంచుకునే ముందు ఉత్తరమా దక్షిణమా తేల్చుకోవాలి. ఉత్తరాన అంజునా, వాగటోర్ వైపు రాత్రంతా సంగీతం వినిపిస్తుంది, పాడ్ గోడలు దాన్ని ఆపలేవు. నిశ్శబ్దం కోరేవారికి దక్షిణాన పాలోలెం, అగోండా వైపు మేలు. 2023 జనవరిలో మొదలైన మోపా విమానాశ్రయం ఉత్తరం చివర ఉంది. పాలోలెం వెళ్లేవారు అక్కడ దిగితే ట్యాక్సీ ఖర్చే రెండు రాత్రుల పడక ధరను మించవచ్చు కాబట్టి, గోవా పాత విమానాశ్రయమైన దబోలింకు వెళ్లే విమానాన్ని గానీ, 2024 అక్టోబరులో మొదలైన సికింద్రాబాద్–వాస్కో రైల్లో మడగావ్ దాకా ప్రయాణాన్ని గానీ చూసుకోవాలి. కర్ణాటకలోని గోకర్ణలో కుడ్లే బీచ్ దగ్గరి బసలకు మెట్లు దిగి నడవవలసి ఉంటుంది, కేరళలోని వర్కలలో బసలు ఎత్తైన కొండ అంచున ఉంటాయి. ఈ రెండు చోట్లా చక్రాల సూట్‌కేసు పనికిరాదు, వీపు సంచి కావాలి. తీరానికి దగ్గర అన్న ప్రకటనను ఎక్కడైనా సరే మ్యాప్‌లో నడక దారి పెట్టి కొలుచుకోవాలి. ఇరవై నిమిషాలు ఎండలో నడవవలసిన హాస్టల్‌ను తీరంలో ఉన్నట్టుగా లెక్కించకూడదు.

ఋతువు విషయంలో ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పశ్చిమ తీరంలో ధరలు బాగా తగ్గుతాయి, కానీ అప్పుడు సముద్రంలోకి దిగనివ్వరు, బట్టలు ఆరవు, రోజులో ఎక్కువ సేపు లోపలే గడపాలి. ఆ కాలంలో వర్షం చూడటానికి వెళ్లేవారు పాడ్‌ను విడిచిపెట్టి వరండా ఉన్న గది తీసుకోవాలి. తూర్పు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎంతగా దెబ్బతీసిందో తెలుగువారికి చెప్పనవసరం లేదు. ఆ నెలల్లో నాలుగు వందలు ఎక్కువైనా రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇచ్చే బుకింగ్‌నే ఎంచుకోవాలి.

డబ్బు లెక్కలో కనిపించని చిల్లర ఖర్చులను కూడా కలపాలి. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న బసల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. చూపిన ధరలో అది కలిసి ఉందో లేదో చూసుకోవాలి. తువ్వాలు అద్దె, తాళం అద్దె, తిరిగి ఇచ్చే డిపాజిట్, టిఫిన్ ఇవన్నీ విడివిడిగా అడిగే చోట్లు ఉన్నాయి. గుర్తింపు కోసం ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటి చిరునామా ఉన్న పత్రం కావాలి, పాన్ కార్డు చాలదు. స్థానిక చిరునామా ఉన్నవారికి పడక ఇవ్వని హాస్టళ్లు చాలా ఉన్నాయి కాబట్టి, హైదరాబాదులో ఉంటున్నా ఆధార్‌లో విశాఖ చిరునామాయే ఉన్నవారు ముందే అడిగి తెలుసుకోవడం అవసరం.

చివరి రోజు ఏర్పాటు కూడా బుకింగ్‌కు ముందే తేల్చుకోవాలి. చెకౌట్ సాధారణంగా ఉదయం పది, పదకొండు గంటలకు ఉంటుంది. తిరుగు బస్సో రైలో సాయంత్రానికి గానీ రాత్రికి గానీ ఉంటుంది. ఆ మధ్య సమయంలో సంచి ఉచితంగా దాచి ఉంచుతారా, సాయంత్రం బీచ్ నుంచి వచ్చాక ఒక స్నానం చేయనిస్తారా అని అడగండి. మంచి హాస్టళ్లు ఈ రెండింటికీ అభ్యంతరం చెప్పవు, ఈ విషయంలో అవి చాలా లాడ్జిల కన్నా ఉదారంగా ఉంటాయి. స్నానానికి ఒప్పుకోని చోట, రాత్రి ప్రయాణం ఉప్పు ఒంటితో చేయడమా, లేక సగం రోజు అద్దె అదనంగా కట్టడమా అన్న లెక్కను కూడా ఆ హాస్టల్ ధరకు కలిపి, అప్పుడు గది ధరతో పోల్చి చూడండి.